చదివినోళ్లు పోతరు, వినేదెవరు? పాలమూరులో ఒక నెలవారీ కవిగోష్ఠి అనుభవం

ఆ రోజు ఎందుకో లెక్కపెట్టాలనిపించింది. మొదటి కవి మైకు ముందుకు వచ్చినప్పుడు హాల్లో 41 మంది ఉన్నారు. 23వ కవి, అంటే ఆఖరాయన, జేబులోంచి కాగితం తీసేసరికి ఏడుగురం మిగిలాం. ఆ ఏడుగురిలో ఒకరు మైకు సెట్టు అబ్బాయి, ఇంకొకరు ఖాళీ టీ కప్పులు ఏరుతున్న పిల్లవాడు. మూడోవాణ్ణి నేను. నిర్వాహకుణ్ణి గనక లేచిపోవటానికి వీల్లేదు. ఆఖరి కవి మక్తల్ పక్క ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినాయన. ఖాళీ కుర్చీల దిక్కు చూసి చేతులు జోడించి "సభకు నమస్కారం" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మహబూబ్‌నగర్‌లో నెలకొకసారి, రెండో ఆదివారం, కవిగోష్ఠి నడిపే చిన్న బృందంలో నేనొకణ్ణి. బతుకుదెరువు తెలుగు పాఠాలు చెప్పటం. ఇది జీతం లేని కొలువు. మా దగ్గరికి జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట, వనపర్తి, కల్వకుర్తి, అచ్చంపేట నుంచి వస్తారు. నల్లగొండ దిక్కు నుంచి, ముఖ్యంగా దేవరకొండ వైపు నుంచి, ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. పాత పాలమూరు జిల్లా 2016లో నాలుగు ముక్కలై, 2019లో నారాయణపేట వేరుపడి ఐదైంది గానీ, కవులు ఇంకా పాత జిల్లా లెక్కనే బస్సెక్కుతున్నారు.

ఇక్కడ కవులకు కరువు ఎప్పుడూ లేదు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. సంస్థానాల రోజుల్లో గద్వాల, వనపర్తి, ఆత్మకూరులకు ఎక్కడెక్కడి పండితులో వచ్చి పద్యం చెప్పి సన్మానం పొంది పోయేవారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నప్పుడు, ఈ మట్టిలోనే పెరిగిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను వరసగా నిలబెట్టి చూపించాడు. ఆ లెక్క పిల్లలకు చెప్పినప్పుడల్లా ఛాతీ ఉబ్బుతుంది. ఆ రోజు హాల్లో కూర్చొని మాత్రం వేరే సంగతి తట్టింది. ఆ 354 మందినీ ఇప్పుడు ఒక్క సభకు పిలిస్తే, ఆఖరి కవి ముందు ఎంతమంది మిగులుతారు?

సభ ఎట్లా నడిచేదంటే

ఆహ్వానంలో ఉదయం 10:30 అని వేసేవాళ్లం. ముఖ్య అతిథి వచ్చేది పదకొండున్నర దాటినాక. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదికి పిలవటం, పూలమాలలు. ముఖ్య అతిథి కాక విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఈ నాలుగింటికీ తేడా ఏమిటో ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు, కానీ ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో చిన్నగా పడితే ఎవరు అలుగుతారో మాత్రం బాగా తెలుసు. ప్రసంగాలు ముగిసి మొదటి కవిత వినబడేసరికి ఒంటిగంట. అప్పటికే సగం మందికి ఆకలి, సగం మందికి బస్సు ధ్యాస.

చదివే వరసలో పెద్దలు ముందు. పెద్దలు చదువుతారు, శాలువా కప్పించుకుంటారు, "ఇంకో కార్యక్రమం ఉంది" అని లేస్తారు. వాళ్ల వెంట వాళ్ల శిష్యులు. ఆ తర్వాత చదివిన ప్రతివాడూ తన కవిత అయ్యాక మర్యాదకు ఇంకో ఇద్దర్ని విని, ఫోన్ చెవికి పెట్టుకొని బయటికి నడుస్తాడు. కొత్తవాళ్లు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చివర్లో. అంటే ఎవరికైతే వినేవాళ్ల అవసరం ఎక్కువో, వాళ్ల వంతుకు హాలు ఖాళీ.

ఒక్క సభకు ఖర్చు రాసుకున్న కాగితం నా దగ్గరింకా ఉంది. హాలు 1500, మైకు సెట్టు 1000, ఫ్లెక్సీ 600, శాలువాలు ఎనిమిది, ఒక్కోటి 180 లెక్కన 1440, మెమెంటోలు నాలుగు 1200, టీ బిస్కెట్లు 500. మొత్తం 6240 రూపాయలు. అందులో కవిత్వం కోసం ఖర్చయిందేదో వేలు పెట్టి చూపించమంటే నేను చూపించలేను.

ముందు చేసిన తప్పుడు మందులు

రోగం అర్థం కాక రెండు మూడు మందులు వాడాం. చివరిదాకా ఉన్నవాళ్లకే ప్రశంసాపత్రం అన్నాం. జనం ఉన్నారు, కానీ వెనక వరసలో కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు. పోటీ పెట్టి బహుమతులిచ్చాం. గెలవనివాళ్లు మూడు నెలలు మా ఫోన్లు ఎత్తలేదు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే అని గంట కొట్టాం. ఒకాయన నానీలు చదువుతానన్నాడు. నానీ అంటే నాలుగు పాదాలు, ఇరవై నుంచి పాతిక అక్షరాలు, ఎంతసేపులే అనుకున్నాం. ముప్పై నానీలు తెచ్చాడు. గంట కొట్టిన ప్రతిసారీ "ఇంకొక్కటే, చిన్నది" అనేవాడు. అబద్ధం కాదు, ప్రతిదీ చిన్నదే.

ముషాయిరా నుంచి తెచ్చుకున్నది

దారి చూపించింది ఒక ఉర్దూ కవి. ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి, మా గోష్ఠికి అప్పుడప్పుడు వచ్చి వెనక కూర్చునేవాడు. ఒకరోజు సభ అయ్యాక చాయ్ తాగుతూ నవ్వుతూ అన్నాడు: "మీ తాన అంతా ఉల్టా ఉంటది సాబ్. మా ముషాయిరాల చిన్నోళ్లు మొదలు చదువుతరు, ఉస్తాదు ఆఖర్న. ఉస్తాదు పోతే మహఫిల్ ఖతం. అందుకే ఆయన పోడు, మేం గూడ పోం."

ఇంత చిన్న సంగతి! ముషాయిరాలో, అంటే ఉర్దూ కవిగోష్ఠిలో, ఆఖరున చదవటమే గౌరవం. పెద్దాయన తన వంతు దాకా కూర్చోవాలి గనక చిన్నవాళ్లందరినీ వినాల్సిందే. పెద్దాయన వింటున్నాడు గనక చిన్నవాడు ఒళ్లు దగ్గర పెట్టుకొని చదువుతాడు. నచ్చిన షేర్ (రెండు పాదాల కవిత) దగ్గర వినేవాళ్లు "ముకర్రర్" అంటే కవి దాన్ని మళ్లీ చదవాలి. వినేవాడికి సభలో ఒక పని ఉంది, ఒక మాట ఉంది. మా సభలో వినేవాడికి చప్పట్లు తప్ప ఏ పనీ లేదు. ఆ మాటకొస్తే మనకూ ఇది కొత్తేం కాదు. పద్యనాటకంలో రాగం తీసినప్పుడు "వన్స్‌మోర్" అని అరిచిన తాతలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వచన కవిత దగ్గరికి వచ్చేసరికి మనం ఎందుకో బుద్ధిమంతులమైపోయాం.

తర్వాతి నెల నుంచి సభ రూపం మార్చేశాం. వేదిక తీసేశాం, కుర్చీలు గుండ్రంగా వేశాం. తెలిసినవాళ్ల బడిలో ఒక తరగతి గది ఆదివారం ఉచితంగా దొరికింది. ఆ గదికి మైకు అక్కర్లేదు. శాలువాలు లేవు, అతిథులు లేరు. పన్నెండు మంది కవులే, ఒక్కొక్కరికి ఒకే కవిత, మొదటిసారి వచ్చినవాళ్లు మొదట, అందరికంటే ఎక్కువ ఏళ్లుగా రాస్తున్నవాళ్లు ఆఖరున. కవితలు మూడు రోజుల ముందే పంపాలి. మేం ముప్పై కాపీలు జిరాక్స్ తీసి అందరి చేతుల్లో పెడతాం. కాపీకి పన్నెండు కాగితాలు, కాగితానికి రూపాయి చొప్పున 360, టీకి 500. సభ ఖర్చు 860 రూపాయలకు దిగింది. పదిన్నరకు ఎంతమంది ఉంటే అంతమందితో మొదలు, ఒంటిగంటకు ఆపటం. సభ సాయంత్రం దాకా సాగటం ఆగిపోవటంతో ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురి నుంచి ఎనిమిది తొమ్మిది మందికి పెరిగారు. దీన్ని మేం ముందుగా ఆలోచించి చేశామని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. బడి సాయంత్రం దొరకదు, అంతే.

పెద్దలకు కోపం రాలేదా అంటే వచ్చింది. "నన్ను పిల్లల వెనక నిలబెడతావా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. ఆఖరున చదవటమే పెద్దరికమని ముషాయిరా కథంతా చెప్పాను. "అది వాళ్ల సంప్రదాయం" అన్నాడు. ఆరు నెలలు రాలేదు. ఏడో నెల వచ్చి, మాట్లాడకుండా కూర్చొని, ఆఖరున చదివి వెళ్లాడు. ఆ తర్వాత ఒక్క నెల తప్పలేదు.

రెండో గొంతు

అన్నింటికంటే పనిచేసింది ఇది, అందుకే దీని గురించి కొంచెం నిదానంగా చెప్తాను. ప్రతి కవితనూ రెండుసార్లు చదువుతాం. ఒకసారి కవి, రెండోసారి వేరొకరు. ఆ వేరొకరు ఎవరో చీటీ తీసి తేలుస్తాం, ముందే చెప్పం. రెండోసారి చదువుతున్నంతసేపు కవి నోరు మెదపకూడదు, కాగితం చూడకూడదు. తన కవితను బయటివాడిగా వినాలి.

ఈ పద్ధతికి కారణం మొదట చాలా మామూలుది. చీటీ తన పేరున పడవచ్చు గనక ఎవరూ బయటికి పోరు, ఎవరూ నిద్రపోరు. కానీ నాలుగైదు సభలు గడిచేసరికి దీనిలో ఇంకో గుణం బయటపడింది. కవి తన కవితను చదివేటప్పుడు గొంతుతో లోపాలన్నీ కప్పేస్తాడు. రెండోవాడు అట్లా కప్పలేడు. నాలుగు మాటలు అతికించిన సమాసం దగ్గర అతనికి ఊపిరి అందదు. పాదం తప్పుచోట విరిస్తే అక్కడే ఆగి వెనక్కి వస్తాడు. తడబడిన చోటల్లా కవి మొహంలో తెలిసిపోతుంది. ఎవరూ విమర్శించకుండానే విమర్శ జరిగిపోతుంది.

సెంట్రింగ్ పని చేసే ఒక యువకుడు వచ్చేవాడు. దేవరకద్ర దిక్కు. ఇంటర్ దాకా చదివాడు, మేస్త్రీ దగ్గర పని లేని ఆదివారాల్లో వస్తాడు. మొదటిసారి తెచ్చిన కవిత ఇట్లా మొదలైంది:

వలస విహంగాలమై
ఆకలి గగనాన ఎగిరిపోతున్నాం
కన్నీటి సంద్రాలను
రెక్కల మాటున దాచుకొని

ఒక మాట చెప్పుకోవాలి. పాలమూరు కవిగోష్ఠిలో ప్రతి మూడో కవితలో ఒక వలసపక్షి ఎగురుతుంది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు, డ్యాములు కట్టింది మా చేతులే, బొంబాయి మేడలెత్తింది మా చేతులే. ఆ బాధ నిజం. కానీ పక్షి మాత్రం ఎక్కడో అచ్చులోంచి ఎగిరొచ్చిన పక్షి. ఈ పిల్లవాడు నిజంగా వలస ఇంట్లో పెరిగినవాడు, వాడి కవితలోనూ అదే పక్షి.

చీటీ ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారి పేరున వచ్చింది. ఆయన గొంతు కంచు. గగనం, విహంగం, సంద్రం అన్నీ ఖంగుమన్నాయి. చదవటం అయ్యాక పిల్లవాణ్ణి ఎట్లుందని అడిగితే తల గోక్కున్నాడు. "బాగనే ఉంది సార్. గని నా ముచ్చట లెక్క లేదు. సారు ముచ్చట లెక్కుంది."

సభలో ఎవరైనా కవిని ఒకే ఒక్క ప్రశ్న అడగవచ్చు. వెనక నుంచి ఒక అక్క అడిగింది, "మీ ఇంట్ల వలస పోయింది ఎవరు తమ్మీ? పోయేటప్పుడు ఏమన్నరు?"

"మా అమ్మ పోయింది. ఏమనలే. తాళంచెవి మొలకు కట్టుకొని పోయింది. ఇంట్ల నేనున్న, నాయినమ్మ ఉంది. ఇంటికి తాళమే ఎయ్యలే. చెవి ఎందుకు కొంచవోయిందో ఇప్పటికి సమజ్ గాదు నాకు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. టీ తాగాం, తర్వాతి కవితకు వెళ్లిపోయాం. రెండు నెలలకు వాడు ఈ కాగితం పట్టుకొచ్చాడు:

అమ్మ బొంబాయికి పోయింది
తాళంచెవి మొలకు కట్టుకొని
ఇంట్ల నేనున్న
నాయినమ్మ ఉంది
తలుపు తీసే ఉంది
ఆర్నెల్లు
తాళం గూట్లె
చెవి బొంబాయిల

వాడు గబగబా చదివేశాడు, సిగ్గు. పాదాలన్నీ ఒకే ఊపులో పోయాయి. చీటీలో వచ్చింది డిగ్రీ చదివే ఒక అమ్మాయి పేరు. ఆ అమ్మాయి నెమ్మదిగా చదివింది. "తాళం గూట్లె" అని ఆగింది. ఆగి, "చెవి" అన్నది. మళ్లీ ఆగి, "బొంబాయిల" అన్నది.

ఆ చిన్న ఆగడంలో అందరికీ రెండో చెవి వినబడింది. తాళంచెవి మాత్రమే కాదు, పిల్లవాడు ఏడిస్తే వినాల్సిన చెవి. ఉర్దూ పెద్దాయన "ముకర్రర్!" అన్నాడు. ఆ అమ్మాయి మళ్లీ చదివింది. నేను పిల్లవాడి దిక్కు చూస్తే నోరు తెరుచుకొని ఉన్నాడు. "నేను గట్ల రాయలే సార్" అన్నాడు తర్వాత. "రాసింది నువ్వే గదరా" అన్నాను. "రాసిన, గని గట్లని రాయలే."

నేను పాతికేళ్లుగా శ్లేష అంటే ఏమిటో తరగతి గదిలో బోర్డు మీద రాసి చెప్తున్నాను. అది ఒక మనిషికి తన సొంత మాటలో, తనకు తెలియకుండా దొరకటం అంతకుముందు చూడలేదు.

నా తప్పు ఒకటి

ఇదంతా రాసి, చెడిన సంగతి రాయకపోతే న్యాయం కాదు. దేవరకొండ వైపు ఉద్యోగం చేసే ఒక టీచరమ్మ వచ్చేది. పుట్టిల్లు మర్రిగూడ దగ్గర. ఫ్లోరైడ్ గురించి ఎవరికీ చెప్పక్కర్లేని నేల అది. నీళ్ల శుద్ధికి నల్లగొండ పద్ధతి అని ఈ జిల్లా పేరే పెట్టారంటే ఆ నీళ్ల సంగతి ఊహించుకోవచ్చు. ఆమె కవిత ఒక అంకెతో మొదలయ్యేది: 1.5. తాగే నీళ్లలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు అన్న హద్దు. తర్వాత మూడు పాదాల్లో ఇంకో మూడు అంకెలు. తర్వాత నడుం వంగిన ఒక మనిషి.

నేను అందరి ముందూ అన్నాను, "కవితలో ఈ అంకెలెందుకమ్మా, రిపోర్టు చదివినట్టుంది. ఆ మూడు పాదాలు తీసేస్తే చిక్కబడుతుంది."

ఆమె ఏమీ అనలేదు. కాగితం నాలుగు మడతలు వేసి బ్యాగులో పెట్టుకుంది. టీ కూడా తాగకుండా బస్టాండుకు వెళ్లింది. ఆ మూడు అంకెలూ వాళ్ల నాన్న తాగిన మూడు బోర్ల లెక్కలని, ఆ వంగిన మనిషి ఆయనేనని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. చీటీ కూడా తీయకుండా, రెండో గొంతుకు అవకాశమే ఇవ్వకుండా నేను నోరు పారేసుకున్నాను. ఇంకొకరు చదివి ఉంటే ఆ అంకెల దగ్గర గొంతు ఎట్లా మారేదో నాకూ వినబడి ఉండేది.

ఆమెకు ఫోన్ చేశాను, క్షమించమని అడిగాను. "ఏం లేదు సార్" అన్నది. మళ్లీ రాలేదు. అప్పటి నుంచి నియమం మార్చాం. సలహా ఎవరూ ఇవ్వకూడదు, నిర్వాహకుడు అసలే ఇవ్వకూడదు. ఒక్క ప్రశ్న మాత్రమే, అదీ కవిత రెండుసార్లు విన్న తర్వాతే.

ఇంకా కుదరనివి

పాట కట్టేవాళ్ల సంగతి మాకు ఇంకా తేలలేదు. డప్పు మీద పాడేవాళ్లను, కాగితం చూడకుండా ఇరవై చరణాలు చెప్పగలిగే అవ్వలను మా రెండో గొంతు పద్ధతి ఇబ్బంది పెడుతుంది. పాటను జిరాక్స్ తీసి ఇంకొకరి చేతికిస్తే అది చచ్చిపోతుంది. ప్రస్తుతానికి పాట వచ్చిన రోజు చీటీ లేదు, అందరూ వంత పాడాలి. ఇది పరిష్కారం కాదని తెలుసు.

ఫోన్లు ఇంకో తలనొప్పి. వీడియో తీసి స్టేటస్ పెట్టుకోవటం మొదలయ్యాక కవులు గదిని వదిలి ఫోన్‌ను చూసి చదవటం మొదలుపెట్టారు. రెండో గొంతు చదివేటప్పుడు వీడియో వద్దన్నాం, కవి చదివేటప్పుడు వాళ్ల ఇష్టం అన్నాం. సగమే పాటిస్తున్నారు.

ఖర్చులు భరిస్తానని ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. మూడు నెలలు భరించి, నాలుగో నెల తన పుట్టినరోజు మీద పన్నెండు మంది చేతా కవితలు రాయించమన్నాడు. 860 రూపాయలే గదా అని మళ్లీ మేమే చందాలేసుకున్నాం.

మొన్నటి సభలో మళ్లీ లెక్కపెట్టాను. మొదటి కవితప్పుడు 28 మంది, ఆఖరి కవితప్పుడు 26. పోయిన ఇద్దరిలో ఒకరికి నారాయణపేట బస్సు, ఇంకొకరి ఇంట్లో చుట్టాలు.

ఆ సెంట్రింగ్ పిల్లవాడు వాళ్ల అమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, గోడకానుకొని కింద కూర్చుంది. వాడి తాళంచెవి కవిత మళ్లీ చదివించమని ఎవరో అడిగారు. కొత్త గొంతు, కొత్త చీటీ. అంతా విన్నాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తున్నదేమో అనుకున్నాం. ఉక్కపోత అంతే.

"బొంబాయి గాదురా, పూనా," అన్నది కొడుకుతో. "బొంబాయికి పోయింది మీ నాయిన."

వాడు ఆ మాట పెట్టి నాలుగు రోజులు కుస్తీ పట్టాడట. చెవి పూనాల అంటే ఊపు సరిపోవటం లేదు సార్ అని ఫోన్ చేశాడు. ఇప్పటికీ బొంబాయి అనే చదువుతున్నాడు. ఆమె వచ్చిన ప్రతి సభలో, గోడ దగ్గర నుంచి, పూనా అంటుంది.